పైవరస చెప్పినట్టే స్ఫటికం పెరుగుతుంది

సిలికాన్ స్ఫటికాన్ని కోసినప్పుడు కొత్తగా బయటపడ్డ ముఖం మీద పరమాణువులు లోపలున్న క్రమంలోనే నిలబడి ఉంటాయని చాలామంది అనుకుంటారు. పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలు కూడా ఆ అభిప్రాయాన్నే బలపరుస్తాయి. కానీ అర్ధవాహకాల్లో అలా కదలకుండా ఉండే ముఖాలు చాలా తక్కువ. స్ఫటికం లోపల ప్రతి సిలికాన్ పరమాణువు నాలుగు పొరుగు పరమాణువులతో బంధాలు కలిపి ఉంటుంది. ఒక్కో బంధం పొడవు 2.35 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రాము అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు). కోత పడ్డచోట ఒకటో రెండో బంధాలు తెగి, ఒంటరి ఎలక్ట్రాన్లతో మిగిలిపోతాయి. అలా తెగిన బంధాలను మోయడానికి శక్తి ఎక్కువ కావాలి కనుక, పైవరస పరమాణువులు తమ స్థానాల నుంచి జరిగి, పక్కవాటితో జతకట్టి, అవసరమైతే కొన్ని పరమాణువులను వదులుకుని మరీ ఆ బంధాల సంఖ్యను తగ్గించుకుంటాయి. దీన్నే ఉపరితల పునర్నిర్మాణం అంటారు.

మందమైన స్ఫటికంలో ఇదంతా చివరి ఒకటి రెండు వరసలకు పరిమితమైన సంగతి అని పక్కన పెట్టవచ్చు. పరమాణువుల వరస మీద వరస పేర్చి పెంచే పలుచని పొరలో అలా పక్కన పెట్టడం కుదరదు, ఎందుకంటే అందులోని ప్రతి వరసా ఏదో ఒక క్షణంలో పైవరసగా ఉన్నదే. పరమాణువు ఎక్కడ దిగింది, ఎంత దూరం జారింది, ఏ మూల కుదురుకుంది అన్నవన్నీ ఆ క్షణాన ముఖం మీదున్న అమరికే తేల్చింది. అందుకే పొరలో ఒక లోపం కనిపిస్తే మొదట అడగవలసింది ఏ పదార్థం వాడారని కాదు, పెరుగుతున్నప్పుడు ముఖం ఏ అమరికలో ఉందని. నేను ఈ రంగంలో నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అన్నిటికన్నా సులువైన ఉదాహరణ సిలికాన్ (001) ముఖం; బ్రాకెట్లోని అంకెలు స్ఫటికాన్ని ఏ దిశలో కోశారో చెబుతాయి. చిప్‌లన్నీ దాదాపు దీని మీదే తయారవుతాయి. ఇక్కడ పైవరసలోని ప్రతి పరమాణువుకు రెండు బంధాలు తెగి ఉంటాయి. పరమాణువుల మధ్య దూరం మామూలుగా 3.84 ఆంగ్‌స్ట్రాములు, పక్కపక్కనున్న రెండు పరమాణువులు ఒకదానివైపు ఒకటి వంగి జంటగా మారితే, తెగిన బంధాలు పరమాణువుకు ఒకటికి తగ్గిపోతాయి. ఈ జంటలు వరసలుగా ఏర్పడటం వల్ల ఒక దిశలో ఆవృత్తి, అంటే అదే అమరిక మళ్ళీ ఎదురయ్యే దూరం, రెట్టింపవుతుంది, రెండో దిశలో మారదు. అందుకే దీన్ని 2×1 అమరిక అంటారు. పైగా జంటలోని రెండు పరమాణువులూ సమాన ఎత్తులో ఉండవు: ఒకటి కాస్త లేస్తుంది, మరొకటి కాస్త దిగుతుంది, దిగిన దాని నుంచి లేచిన దానికి కొంత ఎలక్ట్రాన్ ఆవేశం చేరుతుంది. ఈ వాలు జంటల సంగతిని భౌతిక శాస్త్రవేత్త ఛాడి 1979లో లెక్కకట్టి చూపించాడు. గది ఉష్ణోగ్రత వద్ద ఆ జంటలు అటూ ఇటూ ఊగుతూ ఉండటం వల్ల సూక్ష్మదర్శిని వాటిని సమంగా ఉన్నట్టే చూపిస్తుంది. బాగా చల్లబరిస్తే ఊగడం ఆగి, పక్కపక్క జంటలు ఎదురెదురు వాలులతో నిలబడతాయి.

ఇదే సిలికాన్‌ను (111) దిశలో చూస్తే వ్యవహారం ఊహకు అందదు. స్ఫటికాన్ని శూన్యంలో చీలిస్తే మొదట 2×1 అమరిక వస్తుంది. పైవరస పరమాణువులు గొలుసులుగా కలిసి ఉండటమే దానికి కారణమని ఐబీఎం పరిశోధకుడు పాండే 1981లో ప్రతిపాదించాడు. కానీ ఇది తాత్కాలిక స్థితి. వేడిచేస్తే అది చెదిరిపోయి 7×7 వస్తుంది, మళ్ళీ చల్లబరిచినా వెనక్కి పోదు. ఒక దిశలో ఏడు రెట్లు, రెండో దిశలో ఏడు రెట్లు, మొత్తం 49 మామూలు గడులను కలిపి ఒకే పెద్ద గడి. దాని భుజం పొడవు సుమారు 27 ఆంగ్‌స్ట్రాములు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ష్లియర్, ఫార్న్స్‌వర్త్ 1959లో తక్కువ శక్తి ఎలక్ట్రాన్ల వివర్తనంలో, అంటే ముఖం మీద పడి చెదిరిన ఎలక్ట్రాన్లు తెర మీద వేసే చుక్కల్లో, ఈ ఏడు రెట్ల ఆవృత్తిని చూశారు. చుక్కలు కనిపించాయి సరే, ఆ చుక్కల వెనుక పరమాణువులు ఎలా కూర్చున్నాయన్నది తేలడానికి పాతికేళ్ళ పైనే పట్టింది.

వివర్తనంలో ఉన్న ఇబ్బంది ఇదే. అది ఆవృత్తిని ఖచ్చితంగా చెబుతుంది, స్థానాలను మాత్రం నేరుగా చెప్పదు. అందుకే ఆ పాతికేళ్ళలో రకరకాల నమూనాలు వచ్చాయి, ఒక్కొక్కటీ కొన్ని చుక్కల తీవ్రతను వివరించి మిగతావాటి దగ్గర తడబడింది. 1983లో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాల నుంచి బినిగ్, రోరర్, గెర్బర్, వైబెల్ ప్రచురించిన స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోప్ (ఎస్‌టీఎమ్, సన్నని సూదిని ముఖం మీదుగా నడిపి చూసే సూక్ష్మదర్శిని) చిత్రంతో వాదం మలుపు తిరిగింది. సూది ఎత్తుపల్లాలను కాగితం మీద గీసిన గీతలనే వరసగా పేర్చి ఒక ఉబ్బెత్తు నమూనా తయారుచేశారు. అందులో రెండు పూర్తి గడులు, ఒక్కో గడిలో పన్నెండు గుట్టలు, మూలల్లో లోతైన గుంటలు స్పష్టంగా ఉన్నాయి. పన్నెండు గుట్టలు చూపించలేని నమూనాలన్నీ ఆ ఒక్క చిత్రంతో పక్కకు పోయాయి. సూక్ష్మదర్శినికిగాను బినిగ్, రోరర్‌లకు 1986లో, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని నిర్మించిన రుస్కాతో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది.

అయినా సూది చూసేది పైనున్న గుట్టలనే కానీ కింద ఏముందో దానికి తెలియదు. ఆ పని 1985లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో తకయనాగి, ఆయన సహచరులు చేశారు. బాగా పలుచన చేసిన సిలికాన్ గుండా ఎలక్ట్రాన్లను పంపి, అటువైపు వచ్చిన చుక్కల తీవ్రతలను ఓపికగా విశ్లేషించి వారు ఇచ్చిన నమూనాయే నేటికీ నిలిచి ఉంది. దాని ప్రకారం ఒక్కో గడిలో అన్నిటికన్నా పైన పన్నెండు అదనపు పరమాణువులు, వాటి కింద వరసలో తెగిన బంధాలతో మిగిలిన ఆరు పరమాణువులు, గడి సరిహద్దుల వెంట తొమ్మిది జంటలు, మూలన ఒక గుంట ఉంటాయి. గడిలో ఒక సగం మాత్రం వరసలు తప్పుగా పేరుకుని ఉంటుంది. మూడు వరసల్లోనూ కలిపి 102 పరమాణువులు. ఇంత హంగామా చేసి అది సాధించినది ఏమిటంటే, పునర్నిర్మాణం లేకపోతే 49 ఉండవలసిన తెగిన బంధాలు 19కి తగ్గడం: పన్నెండు పైవాటివి, ఆరు కిందివాటివి, ఒకటి మూల గుంటలోది.

ఈ 7×7 మీద సిలికాన్ పొరను పెంచాలనుకునేవారికి అసలు తలనొప్పి ఆ తప్పు పేర్పు సగంతో వస్తుంది. కొత్త వరస సరైన క్రమంలో కూర్చోవాలంటే కింద తప్పుగా ఉన్న సగాన్ని ముందు విప్పి, సరిచేసి, ఆ పైన కూర్చోవాలి. దానికి శక్తి కావాలి. తక్కువ ఉష్ణోగ్రతలో ఆ శక్తి చాలక, కొత్త పరమాణువులు చెల్లాచెదురు దీవులుగా పేరుకుంటాయి, తప్పు పేర్పు కొన్నిచోట్ల లోపలే మిగిలిపోతుంది. సుమారు 830 డిగ్రీల సెల్సియస్ దాటితే 7×7 కరిగి 1×1గా మారిపోతుంది కనుక ఆ అడ్డంకి ఉండదు. కానీ అంత వేడిలో కింద వేసిన మలినాలు పైకి పాకుతాయి, పొరల సరిహద్దులు చెదురుతాయి. రెండు మేళ్ళూ ఒకేచోట దొరకవు.

ఇక నాకు దగ్గరగా తెలిసిన మరో అర్ధవాహకం గాలియం ఆర్సెనైడ్ సంగతి. దీన్ని పొరగా పెంచే మాలిక్యులార్ బీమ్ ఎపిటాక్సీ, అంటే మేము ఎంబీఈ అనే పద్ధతిని, 1960ల చివర్లో, 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో ఆల్ఫ్రెడ్ చో, జాన్ ఆర్థర్ రూపుదిద్దారు. గాలియం, ఆర్సెనిక్ ఉన్న చిన్న కొలుముల్లాంటి సెల్‌లను వేడిచేస్తే వాటి ఆవిరి పుంజాలుగా వచ్చి వేడి వేఫర్ (పలుచని స్ఫటిక బిళ్ళ) మీద పడుతుంది. షట్టర్ తెరిస్తే పడుతుంది, మూస్తే ఆగుతుంది. పెరుగుదల వేగం సాధారణంగా గంటకు ఒక మైక్రోమీటరు, అంటే సెకనుకు సుమారు ఒక వరస. ఇంత నెమ్మదిగా పెంచాలంటే చాంబర్‌లో మరేదీ ఉండకూడదు. పీడనం 10⁻⁶ టార్ (టార్ పీడనానికి ఒక కొలమానం) ఉంటే, తగిలిన ప్రతి అణువూ అంటుకుంటుందని అనుకున్నప్పుడు, ముఖం మొత్తం మలినంతో కప్పుకుపోవడానికి ఒక సెకను చాలు. 10⁻¹⁰ టార్‌కు దించితే అదే పనికి దాదాపు మూడు గంటలు పడుతుంది. యంత్రాన్ని రోజుల తరబడి కాల్చి, పంపులతో లాగి, ద్రవ నైట్రోజన్ పోసి చల్లబరచడమంతా ఆ మూడు గంటల కోసమే.

లోపల ఏం జరుగుతోందో చూడటానికి ఉన్న కన్ను రీడ్ అనే పరికరం. పది, ఇరవై వేల ఎలక్ట్రాన్ వోల్టుల పుంజాన్ని ఒకటి నుంచి మూడు డిగ్రీల కోణంలో ముఖాన్ని ఒరుసుకుంటూ పోయేలా పంపితే, అది పైనున్న ఒకటి రెండు వరసలను మాత్రమే తాకి అవతలి ఆకుపచ్చ స్క్రీన్ మీద పడుతుంది. కిటికీకి నల్లగుడ్డ కట్టి, గదిలో దీపాలు ఆర్పి, ఆ స్క్రీన్ వైపే చూస్తూ కూర్చోవాలి. వేఫర్ లోపలికి వచ్చినప్పుడు దాని మీద ఆక్సైడ్ పూత ఉంటుంది కనుక మొదట మసక వెలుగు తప్ప ఏమీ ఉండదు. వేడి పెంచుతూ పోతే 580 డిగ్రీల ప్రాంతంలో ఆక్సైడ్ ఆవిరైపోయి, మసకలోంచి చుక్కలు తేలతాయి. అప్పటికి ముఖం ఎగుడుదిగుడుగా ఉందని దాని అర్థం. షట్టర్ తెరిచి కొంతసేపు గాలియం ఆర్సెనైడ్ పెంచితే ఆ చుక్కలు సాగి నిలువు గీతలవుతాయి. వేఫర్‌ను ఒక దిశలో పెట్టి చూస్తే ప్రధాన గీతల మధ్య ఒక సన్నగీత, తొంభై డిగ్రీలు తిప్పి చూస్తే మూడు సన్నగీతలు. అదే 2×4. అది వచ్చిందంటే ఆ పూటకు పని మొదలుపెట్టవచ్చు.

ఈ గీతలకు మరో ఉపయోగం కూడా ఉంది, దాన్ని బయటివారు పెద్దగా పట్టించుకోరు. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ వేఫర్‌ను తాకదు, దాని వెనుక కొంత ఎడంగా ఉంటుంది. కాబట్టి అది చూపే అంకె నిజమైన ఉష్ణోగ్రతకు పదుల డిగ్రీల దూరంలో ఉండవచ్చు. ఆక్సైడ్ పోయే క్షణం, 2×4 మారి ఆర్సెనిక్ ఎక్కువున్న సి(4×4) వచ్చే క్షణం, గాలియం ఎక్కువై 4×2 వచ్చే క్షణం, ఇవే మాకు అసలైన కొలబద్దలు. ఇక గీత వెలుగు హెచ్చుతగ్గులను గ్రాఫుగా గీస్తే అలలు వస్తాయి. వరస సగం నిండినప్పుడు ముఖం గరుకుగా ఉండి వెలుగు తగ్గుతుంది, పూర్తిగా నిండితే పెరుగుతుంది. ఒక అల అంటే ఒక వరస, 2.83 ఆంగ్‌స్ట్రాములు. ఈ అలలు 1980ల మొదట్లో బయటపడ్డాక పొరల మందాన్ని వరసల లెక్కన చెప్పడం సాధ్యమైంది. అయితే అలలు బాగా కనిపిస్తేనే పెరుగుదల బాగున్నట్టని కొత్తవాళ్ళు పొరబడుతుంటారు. వేడి చాలినంత ఉండి పరమాణువులన్నీ మెట్ల అంచులదాకా జారి అక్కడే కుదురుకుంటే దీవులు ఏర్పడవు, అలలూ ఉండవు. పొర మాత్రం చక్కగా ఉంటుంది.

2×4లో ఆవృత్తి ఒక దిశలో నాలుగు రెట్లే ఎందుకు, మూడో అయిదో ఎందుకు కాకూడదు? దీనికి కాగితం మీద వేయగల లెక్క ఒకటి ఉంది. ఛాడి, పాష్లీ 1980ల చివర్లో దీన్ని వాడుకలోకి తెచ్చారు. స్థిరమైన ముఖం మీద ఆర్సెనిక్ తెగిన బంధాలన్నీ రెండేసి ఎలక్ట్రాన్లతో నిండి ఉండాలి, గాలియంవి ఖాళీగా ఉండాలి, ఇదొక్కటే నియమం. పైన ఒక ఆర్సెనిక్ జంట ఉందనుకుందాం. ఆ రెండిటి మధ్య బంధానికి 2, కిందనున్న గాలియంతో నాలుగు బంధాలకు 8, రెండు తెగిన బంధాలు నిండటానికి 4, మొత్తం 14 ఎలక్ట్రాన్లు కావాలి. రెండు ఆర్సెనిక్ పరమాణువులు తెచ్చేది చెరి అయిదు, మొత్తం పది. జంటకు నాలుగు లోటు. ఇప్పుడు నాలుగు జంటలకు చోటున్న గడిని తీసుకుంటే దాని కింద ఎనిమిది గాలియం పరమాణువులు ఉంటాయి. గాలియంకు ఉన్న మూడు ఎలక్ట్రాన్లు నాలుగు బంధాలకు ముప్పావు చొప్పున పంచుకుపోతాయి, పైకి చూసే బంధాలు రెండు కనుక ఒక్కోటి ఒకటిన్నర ఇవ్వగలదు. ఎనిమిదీ కలిసి పన్నెండు. పన్నెండుతో తీర్చగలిగేది మూడు జంటల లోటే. అంటే నాలుగు స్థానాల్లో మూడు నిండి, నాలుగోది ఖాళీగా ఉండి తీరాలి. ఆవృత్తి నాలుగు రెట్లు కావడానికి కారణం ఆ ఖాళీయే.

పాష్లీ బృందం 1988లో సూక్ష్మదర్శినితో చూసినప్పుడు లేని జంటల వరసలు నిజంగానే కనిపించాయి. ఆ తరువాత నిశితంగా చూస్తే పైన ఉన్నవి రెండు జంటలేననీ, మూడోది గాలియం కూడా లేచిపోయిన కందకం అడుగున, మూడో వరసలో ఉందనీ తేలింది. అయినా ఎలక్ట్రాన్ల లెక్క మాత్రం అలాగే సరిపోయింది. పెద్ద కంప్యూటర్ గణనలకు పోకముందు ఇలాంటి కూడికలు, తీసివేతలు చేసుకోవాలని విద్యార్థులకు నేను చెబుతుంటాను; లెక్క కుదరని నమూనా మీద వారాల కంప్యూటర్ సమయం ఖర్చుపెట్టడం వృథా.

ఇంతవరకూ ముఖం సమతలంగా ఉన్నట్టు మాట్లాడాను. వేఫర్‌ను ఎంత జాగ్రత్తగా కోసినా అసలు తలానికి కాస్త వాలు ఉంటుంది, ఆ వాలును స్ఫటికం అరకు కొండల మీద మళ్ళు చెక్కినట్టు మెట్లుగా మారుస్తుంది. సిలికాన్ (001) మీద ఒంటి మెట్టు ఎత్తు 1.36 ఆంగ్‌స్ట్రాములు. వాలు ఒక డిగ్రీ అయితే మడి వెడల్పు 78 ఆంగ్‌స్ట్రాములు, డిగ్రీలో పదోవంతు అయితే 780. ఒంటి మెట్టు దిగగానే జంటల వరసల దిశ తొంభై డిగ్రీలు తిరుగుతుంది. మీద పడ్డ పరమాణువు జంటల వరస వెంట సులువుగా, వరసకు అడ్డంగా కష్టంగా కదులుతుంది కనుక పక్కపక్క మళ్ళలో పెరుగుదల తీరే మారిపోతుంది.

సిలికాన్ మీద సిలికాన్ పెంచేటప్పుడు ఇది ఓర్చుకోదగిన ఇబ్బంది. సిలికాన్ మీద గాలియం ఆర్సెనైడ్ పెంచేటప్పుడు మాత్రం ప్రమాదం. ఒంటి మెట్టుకు అటు ఉన్న మడిలో గాలియం కూర్చున్న ఎత్తులో ఇటు మడిలో ఆర్సెనిక్ కూర్చుంటుంది. రెండూ పెరిగి కలుసుకున్నచోట గాలియం పక్కన గాలియం, ఆర్సెనిక్ పక్కన ఆర్సెనిక్ వచ్చి ఒక తప్పుడు గోడ ఏర్పడుతుంది. అది పొర పైదాకా పాకి ఎలక్ట్రాన్లను అడ్డుకుంటుంది. దీనికి దొరికిన ఉపాయం వేఫర్‌ను కావాలనే నాలుగు నుంచి ఆరు డిగ్రీల వాలుతో కోయించడం. అంత వాలులో ఒంటి మెట్లు రెండేసి కలిసి జంట మెట్లవుతాయి, మళ్ళన్నిటిలో దిశ ఒకటే అవుతుంది, ఆ గోడలకు అవకాశం పోతుంది. పొరలోని రోగానికి మందు కింది ముఖం మెట్లలో దొరికిందన్నమాట.

కింది పదార్థానికీ పై పదార్థానికీ కొలతలు కుదరనప్పుడు పునర్నిర్మాణం మరో పని కూడా నెత్తిన వేసుకుంటుంది. జెర్మేనియం స్ఫటిక కొలత సిలికాన్ కన్నా సుమారు 4.2 శాతం పెద్దది. సిలికాన్ (001) మీద దాన్ని పెంచితే మొదటి మూడు నాలుగు వరసలు ఒత్తిడితో నొక్కుకునే కూర్చుంటాయి. ఆ ఒత్తిడి తగ్గించుకోవడానికి ఎనిమిది, పది జంటలకు ఒక జంటను వదిలేస్తాయి, ఆ ఖాళీ పక్కనున్నవి కాస్త విశాలంగా సర్దుకుంటాయి. ఆ ఉపాయమూ చాలనప్పుడు దీవులు లేస్తాయి. విస్కాన్సిన్‌లో లగాలీ బృందం 1990లో చూపిన గుడిసె ఆకారపు దీవుల నాలుగు వైపులూ (105) ముఖాలే, వాటి వాలు 11.3 డిగ్రీలు. అదే వాలు ఎందుకంటే, నొక్కుడులో ఉన్న జెర్మేనియంకు ఆ (105) ముఖం మీది ప్రత్యేక అమరిక బాగా కలిసివస్తుంది. గాలియం ఆర్సెనైడ్ మీద ఇండియం ఆర్సెనైడ్ పెంచినప్పుడు తేడా ఏడు శాతం దాటుతుంది, ఓపిక ఇంకా ముందే నశిస్తుంది: దాదాపు 1.7 వరసల దగ్గర రీడ్ గీతలు ఒక్కసారిగా చుక్కలవుతాయి. ఇక్కడ పుట్టేవి క్వాంటమ్ డాట్లు, అంటే ఎలక్ట్రాన్లను లోపలే బంధించేంత చిన్న దీవులు. 2023 నోబెల్ బహుమతి అందుకున్న డాట్లు ద్రావణాల్లోనూ గాజులోనూ పెరిగినవి, ఇవి వేరు.

చివరిగా, పెరుగుదలతో సంబంధం లేకుండానే పైవరస పొరను శాసించిన సందర్భం ఒకటుంది. ఆక్సైడ్ మీద పరిచిన పది నానోమీటర్ల సిలికాన్ పొరను తీసుకోండి. అందులో వరసలు డెబ్బై నాలుగు. డోపింగ్, అంటే విద్యుత్తును మోసే వాహకాల కోసం కావాలని కలిపిన మలిన పరమాణువుల (డోపెంట్ల) సంఖ్య, ఘన సెంటీమీటరుకు 10¹⁵ అయితే, అంత పలుచని పొరలో చదరపు సెంటీమీటరుకు దొరికే డోపెంట్లు 10⁹ మాత్రమే. సిలికాన్, ఆక్సైడ్ కలిసేచోట ఎలక్ట్రాన్లను పట్టేసే లోపాలు చదరపు సెంటీమీటరుకు 10¹¹ ఉన్నా, ఉన్న వాహకాలన్నీ వాటికే చాలవు. లెక్క ప్రకారం ఆ పొర విద్యుత్తును పారనివ్వని బంధకంలా ఉండాలి, దాని మీద ఎస్‌టీఎమ్ సూది పనిచేయకూడదు. కానీ లగాలీ బృందమే 2006లో అలాంటి పొర మీది ఆక్సైడ్‌ను శూన్యంలో తొలగించి, శుభ్రమైన 2×1 ముఖాన్ని తెప్పించినప్పుడు సూదికి చక్కటి చిత్రం వచ్చింది. జంటల తెగిన బంధాలు కలిసి ఏర్పరిచిన ఉపరితల శక్తి పట్టీ (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తి స్థాయిల గుంపు) ఒకటి సిలికాన్ శక్తి పట్టీకి దగ్గరలోనే ఉంటుంది. పొరలోని ఎలక్ట్రాన్లు గది వేడికే అందులోకి ఎక్కగలవు, అవి వదిలిన ఖాళీలు పొరలో స్వేచ్ఛగా తిరిగి విద్యుత్తును మోస్తాయి. ముఖం మీద చదరపు సెంటీమీటరుకు దాదాపు 6.8×10¹⁴ పరమాణువులు ఉంటాయి కనుక పదివేల కోట్ల లోపాలు ఆ సంఖ్య ముందు ఆనవు. అదే ముఖాన్ని మళ్ళీ ఆక్సైడ్ కప్పేస్తే జంటలు విడిపోతాయి, ఆ పట్టీ ఉండదు, అవే డెబ్బై నాలుగు వరసలు తిరిగి బంధకమైపోతాయి.